ముందు వేలు

బకెట్టు కాదు నూకరత్నం, ముందు వేలు.
మోచేతిదాకా కడుక్కో. గోళ్లు చూపించు.
ఆ రాళ్ల ఉంగరం తీసి కొంగున ముడేసుకో.
దాని నాలిక కొబ్బరిపీచు.
కొరకదులే, లాగుతుంది.
భుజంలోంచి లాగుతున్నట్టుంటుంది.

తెల్లవారుజాము నాలుగు.
వశిష్ఠ మీంచి వచ్చే గాలికి పాకలో బల్బు ఊగుతోంది.
పదకొండు దూడలు,
ఒక్కోదాని మెడలో ఒక్కో రంగు నైలాను తాడు.
గోడ అవతల వీటి తల్లులు
మిషను గొట్టాలకి చేపుతున్నాయి.
ఆ చప్పుడు వీటికి తెలుసు.
చెవులు చూడు, అన్నీ అటే.

నాలుగు రోజులు ముర్రుపాలు తాగనిస్తాడు మన ఆసామి,
అక్కడ పేరు పెట్టలేం.
అయిదోనాటి నుంచి లెక్క వేరు.
కేంద్రంలో పోస్తే వెన్న శాతం, దూడలో పోస్తే పేడ
అంటాడు నవ్వుతూ,
అని, తనే బస్తా కుట్టు విప్పుతాడు.

పొడి. బిస్కెట్ల వాసన.
లీటరు నీళ్లకి ఈ డబ్బాడు, తలకొట్టి.
నీళ్లు మరగకూడదు, చల్లారకూడదు.
థర్మామీటరు ఉండేది, అబ్బులు కాలి కింద పడింది.
ముంజేతి లోపలివైపు చుక్క వేసుకో,
పడిందో లేదో తెలియకపోతే
అదే వేడి.
ఉండ కట్టనివ్వకు.
ఉండ కట్టిందా, మధ్యాహ్నానికి తెల్లగా పారుకుంటాయి,
రేపటికి కళ్లు గుంటలు పడతాయి,
ఎల్లుండి పుంత పక్కన గొయ్యి తవ్వాల్సింది
నువ్వూ అబ్బులూ.

ఏడోది, ఎర్ర తాడుది, దున్నపిల్ల.
దానికి సగమే పొయ్యమన్నాడు.
సగమే పోశానని నేను రోజూ చెబుతాను.

మా అమ్మ రోజుల్లో దూడ చస్తే
తోలు ఒలిపించి, లోపల ఎండుగడ్డి కూరి,
నాలుగు సరుగుడు కర్రలు కాళ్లు పెట్టి
గేదె ముందు నిలబెట్టేవారు.
గేదె ఆ గడ్డిబొమ్మని నాకి నాకి చేపేది.
పిండినంతసేపూ మా అమ్మ
దాని మొహంలోకి చూసేది కాదు.
ఇప్పుడు దూడా బతికే ఉంది, తల్లీ బతికే ఉంది.
గడ్డి కూరిన తల్లివి నువ్వు.
నవ్వకే. నాలుగేళ్లయింది నాకు, నవ్వు రావడం లేదు.

రెండో నెల దాటాక పూటకింత తగ్గించు.
బకెట్టు ఖాళీ అవగానే గుప్పెడు దాణా మూతికి రాయి,
తిడుతూ నాకుతుంది.
లేత పిల్లిపెసర కట్ట కళ్లెదురుగా వేలాడగట్టు.
రోజుకి కిలో దాణా తిన్ననాడు
పొడి ఆపెయ్.
మూడు రాత్రులు అరుస్తాయి.
మా చినబాబుకి పాలు మాన్పించడానికి
వేపాకు నూరి రాసుకుంటే వాడు ఒక్క రాత్రే ఏడ్చాడు,
ఏడవడానికి నా పక్కలోనే పడుకున్నాడు.
వీటికి మాత్రం చేదు కూడా లేదు,
ఊరికే బకెట్టు రాదు, అంతే.
ఆ మూడు రాత్రులూ రేడియో పెట్టుకో.

పసుపు తాడుది గుర్తుంటుందా నీకు, ఎలా ఉంటుందిలే,
నేను చేరిన ఏడాది నా వేలు పట్టుకున్న మొదటి పెయ్య.
ఇప్పుడు అవతలి పాకలో మూడో గేదె.
మొన్న పక్కనించి వెళుతూ వేలు చాపాను.
వాసన చూసింది.
చూసి, జనుము కట్ట వైపు తిరిగింది.
మంచిదే, అంతే కదా కావాల్సింది,
అనుకుంటూనే వేలు చీరకి తుడుచుకున్నాను.
దాని దూడే ఇది, నీ మోకాలు పొడుస్తున్నది.

రేపట్నుంచి నేను రొయ్యల కంపెనీకి.
అక్కడ అంతా ఐసు,
ఈ వేలికి ఇంక ఏ వేడీ తెలియదంటున్నారు.

ఊఁ, ఇవ్వు. అలా కాదు, అరచెయ్యి పైకి.
అంగిలికి తగలాలి.
పట్టిందా?
ఇప్పుడు మెల్లిగా వేలితో సహా పాలల్లోకి దించు,
ముక్కు మునగకుండా.
గుటక వినపడిందా, ఆఁ, అదీ.
నువ్వు వదిలించుకోకు,
అదే వదులుతుంది.

వదిలాక బకెట్టు కడిగి బోర్లించు,
ఈగలు.